ఆదివారం దాకా చెరపకూడదు

నేను ఒక నల్లబోర్డునని చెప్పగానే మీకు బడి గుర్తొస్తుంది. నేను బడి ముఖం చూడలేదు. నా మీద ఎవరూ అక్షరాలు దిద్దలేదు, ఎక్కాలు రాయలేదు. నా మీద రాసినవి రెండే రకాలు. మొదట చెడిపోయిన టెలిఫోన్ నెంబర్లు, తర్వాత ఒక మనిషి అభిప్రాయాలు.

రేపల్లె టెలిఫోన్ ఎక్స్ఛేంజికి కొత్త యంత్రం వచ్చినప్పుడు దాన్ని లోపల పెట్టుకుని వచ్చిన చెక్కపెట్టె నేను. యంత్రాన్ని గదిలో నిలబెట్టి నన్ను ఎండలో పడేశారు. కొంతకాలానికి ఒక వడ్రంగి వచ్చి పలకలు విడదీశాడు. చిత్రిక పట్టి, వెనక అడ్డపట్టీలు కొట్టి, అన్నిటినీ ఒకటిగా చేశాడు. నల్లరంగు కొనాలంటే పై ఆఫీసు అనుమతి కావాలన్నారు. అనుమతి కోసం ఆగకుండా మృత్యుంజయరావు గారనే టెక్నీషియన్ దొండాకు పసరులో బొగ్గుపొడి నూరి నాకు పూశారు. ఆ తర్వాత ప్రతి ఎండాకాలం అదే పూత, అదే చెయ్యి. పై ఆఫీసు అనుమతి వచ్చిందో లేదో నాకు తెలియదు.

ఎక్స్ఛేంజిలో నా పని ఒక్కటే. ఫిర్యాదు వచ్చిన నెంబర్లు నా మీద రాసేవారు, లైను బాగుపడితే కొట్టేసేవారు. ఫోను పలకని ఇంటివాళ్లు కొందరు నేరుగా వచ్చి, నా మీద తమ నెంబరు ఉందో లేదో చూసుకునేవారు. ఉంటే లైను సగం బాగుపడినట్టే వెళ్లిపోయేవారు. తమ కష్టం ఎక్కడో ఒకచోట రాసి ఉంటే చాలనుకుంటారు మనుషులు.

తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. ఫిర్యాదులు తగ్గాయి. లైన్లు బాగుపడి కాదు, చెడిపోయిన సంగతి ఎవరూ గమనించక. నా మీద రాసిన చివరి నెంబరు ఒక లాయరు గారిది. దాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు. లాయరు గారూ అడగలేదు.

మృత్యుంజయరావు గారు రిటైరైన రోజు ఆయనకు శాలువా కప్పి గోడగడియారం ఇచ్చారు. ఆయన నన్ను కూడా అడిగారు. పాతసామాను తీసుకుపోతానంటే వద్దనేవాళ్లు ఎవరుంటారు? ఆ సాయంత్రమే నన్ను స్టేషన్ రోడ్డులోని స్నేహ పఠనాలయం బయటిగోడకు మేకులు కొట్టి తగిలించారు. కింద బల్ల, పక్కన షేక్ బాజీ జిరాక్స్, రీచార్జి కొట్టు. అప్పటినుంచి నా చిరునామా అదే.

ప్రతి ఆదివారం పొద్దున ఆయన వచ్చి నన్ను తడిగుడ్డతో తుడిచి, నిలువుగా మూడు భాగాలు చేసి, పైన యంత్రం, లోకం, ఆట అని రాసేవారు. ఆ వారం వచ్చిన కొత్త పరికరం ఏదైనా, జరిగిన సంగతి ఏదైనా, గెలిచిన ఓడిన ఆట ఏదైనా, దాని మీద తన అభిప్రాయం నాలుగైదు వాక్యాల్లో రాసి కింద పేరు పెట్టేవారు. పేపర్లో వార్త ఉంటుంది, టీవీలో అరుపు ఉంటుంది, మన ఊళ్లో మనిషి ఏమనుకున్నాడో ఎక్కడా ఉండదు, అందుకే రాస్తున్నాననేవారు.

దీనికి ఆయనే మూడు నియమాలు పెట్టారు. రాసింది వచ్చే ఆదివారం దాకా ఎవరూ చెరపకూడదు. నచ్చనివాళ్లు కింద జవాబు రాయవచ్చు, సుద్దముక్క అక్కడే ఉంటుంది, కానీ పేరు పెట్టాలి. మొదట రాసినవాడు మాత్రం ఆ వారం మళ్లీ సుద్దముక్క ముట్టకూడదు. జవాబుకు జవాబు మొదలైతే చివరికి ఓపిక ఉన్నవాడిదే గెలుపవుతుందని ఆయన అనేవారు.

ఈ నియమాల వల్ల ముందు ఇబ్బంది పడింది ఆయనే. బొత్తాలు లేని ఫోన్లు మన ఎండలకు నిలవవు, వేళ్లకు చెమట పడితే పనిచేయవు అని ఒక వారం రాశారు. ఆ వారమంతా జనం ఆ ఫోన్లతోనే నన్ను ఫొటో తీసుకున్నారు. చెరపమని ఒక్కరూ అడగలేదు. అది అలా ఉండటమే వాళ్లకు కావాలి. కబడ్డీలో ఫలానా జట్టు గెలుస్తుందని రాస్తే, ఆ రాత్రే ఓడిపోయిన ఆ జట్టు పేరు వారమంతా నా మీద గెలుస్తూ ఉండేది.

ఒకసారి స్టేషన్ రోడ్డు కాలువను మళ్లీ మళ్లీ తవ్వుతున్నారని లోకం కింద రాశారు. కౌన్సిలరు ఒకాయన మనుషులతో వచ్చాడు. తడిగుడ్డ కూడా తెచ్చుకున్నాడు. మృత్యుంజయరావు గారు కుర్చీలోంచి లేవకుండానే, "ఆదివారం నేనే చెరుపుతానండీ. ఈలోపు మీరూ రాయండి, చోటుంది" అన్నారు. కౌన్సిలరు గుడ్డ పక్కన పెట్టి సుద్దముక్క తీసుకున్నాడు. ఆయన జవాబు అభిప్రాయం కంటే పొడుగైంది. రెండూ చదవడానికి జనం ఆగారు. తవ్విన కాలువ మీద బండలు పరిచారు. ఆ తర్వాత నా దగ్గరకు గుడ్డతో ఎవరూ రాలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఊళ్లో ఆయన మాటకు విలువ ఎక్కడినుంచి వచ్చిందో మీకు తెలియాలి. మృత్యుంజయరావు గారు రాసేది ఎప్పుడూ ఒప్పని ఎవరూ అనుకోలేదు. రాసిన తర్వాత పక్కకు తప్పుకోరని అనుకున్నారు.

ఆ ఎండాకాలం ఊళ్లో వాలీబాల్ పోటీలు జరిగాయి. ఫైనల్లో రేపల్లె జట్టూ, సముద్రం ఒడ్డునున్న నిజాంపట్నం జట్టూ తలపడ్డాయి. శనివారం సాయంత్రం ఆట. చివరి సెట్లో నిజాంపట్నానికి ఒక్క పాయింటు చాలు. రేపల్లె కుర్రాడు కొట్టిన బంతి అవతలి కోర్టు మూలలో, గీత దగ్గర పడింది. ఆ మూలలో నిలబడ్డ లైన్ జడ్జి జెండా పైకెత్తింది. జెండా దించితే బంతి లోపల, ఎత్తితే బయట. రిఫరీ విజిల్ వేశాడు. నిజాంపట్నం గెలిచింది.

ఆ లైన్ జడ్జి పేరు దోనేపూడి ప్రిస్కిల్లా. ఊరి అమ్మాయే. ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. రాష్ట్రస్థాయి రిఫరీ పరీక్షకు తయారవుతోంది. ఆ పరీక్షకు ఎవరికి వాళ్లు వెళ్లడానికి లేదు, వాలీబాల్ సంఘం పేరు పంపాలి.

ఆ సాయంత్రం బాజీ కొట్టు ముందు జనం తగ్గలేదు.

"మనూరి మీద ఆ పిల్లకి ఏం పగబ్బా?"

"పగ కాదు బాబాయ్, కళ్లజోడు కావాల."

"అవతలోళ్లు రొయ్యలేమన్నా పంపిచ్చారేమో కనుక్కోండి."

"నీకు రొయ్యలిస్తే నువ్వయితే నెట్టు స్తంభాలు కూడా పీకిచ్చేవోడివి, ఊరుకో" అన్నాడు బాజీ. అందరూ నవ్వారు. నవ్వి మళ్లీ వీడియో చూశారు. ఎవరో రేపల్లె వైపు కోర్టు వెనకనుంచి తీసిన వీడియో అది. చివరి బంతి దగ్గర ఆపితే, గీతకు ఇవతల, అంటే లోపల, నేల మీద బంతి కనిపిస్తుంది.

మృత్యుంజయరావు గారు ఆటకు వెళ్లలేదు. మోకాళ్ల నొప్పి. ఆయన కూడా బాజీ ఫోన్లోనే చూశారు. ఆపించి చూశారు. మరునాడు పొద్దున నన్ను తుడిచి, ఎప్పుడూ లేనిది, మూడు భాగాలు చెయ్యకుండా ఒక్కటే రాశారు.

"నిన్నటి ఫైనల్లో చివరి బంతి గీత లోపల పడింది. వీడియో ఉంది, ఎవరైనా చూడవచ్చు. లైన్ జడ్జి ప్రిస్కిల్లా జెండా ఎత్తి ఊరి కష్టాన్ని గాలికి వదిలారు. మనిషి కన్ను పొరబడుతుంది. యంత్రం పొరబడదు. గీత దగ్గర మనిషిని తీసి ఫోన్ నిలబెట్టే రోజు త్వరగా రావాలి. — మృత్యుంజయరావు."

యంత్రం, లోకం, ఆట, మూడూ ఈ వారం ఒక్కచోటే కలిశాయని బాజీతో అన్నారు. రాసినందుకు ఆయనకు తృప్తిగా ఉందని నాకు తెలుసు. సుద్దముక్క నొక్కిన తీరులో తెలుస్తుంది.

మధ్యాహ్నానికి నా ఫొటో ఊరు దాటింది. నేను గోడకే ఉన్నాను. నా ఫొటో ఎన్ని ఫోన్లలోకి వెళ్లిందో నాకు తెలియదు. అందులో వాలీబాల్ సంఘం వాళ్ల ఫోన్లు కూడా ఉన్నాయి.

సోమవారం బడి వదిలాక ప్రిస్కిల్లా వచ్చింది. సైకిలు స్టాండు వేసి, నా ముందు నిలబడి మొదటినుంచి చివరిదాకా చదివింది. పేరు దాకా చదివింది.

"చూశావా అమ్మా?" అన్నాడు బాజీ. "సుద్దముక్క ఆడే ఉంది. నువ్వూ రాయి. ఎవరొద్దన్నారు?"

"నేను చెప్పాల్సింది జెండాతో చెప్పేశా బాజీ అన్నా. రెండోసారి చెప్పే అలవాటు మాకు లేదు."

"అలవాటేందమ్మా, ఊరంతా తిడతంటే!"

"ఇయ్యాల ఈ బంతికి వివరం చెప్తే, రేపు ప్రతి బంతికీ చెప్పాల. అప్పుడు జెండా ఎందుకు?"

మాటలు విని మృత్యుంజయరావు గారు పఠనాలయం లోపలినుంచి గుమ్మం దాకా వచ్చారు. "నాకు నీ మీద కోపమేం లేదమ్మా. ఉన్నది రాశాను" అన్నారు.

"మీరు మ్యాచ్‌కి వచ్చారా సార్?"

"రాలేదు. వీడియో చూశాను."

"సరే సార్" అంది. సైకిలు తీసుకుని వెళ్లిపోయింది.

ఆమె వాదించి ఉంటే ఆయన వాదించేవారు. ఏడ్చి ఉంటే ఓదార్చేవారు. ఆ "సరే సార్"కు ఏం చెయ్యాలో ఆయనకు తెలిసినట్టు లేదు. అప్పుడు బాజీ అసలు సంగతి చెప్పాడు. శుక్రవారం వాలీబాల్ సంఘం కూర్చుంటుంది. రిఫరీ పరీక్షకు పంపే పేర్లు తేలుస్తారు. కార్యదర్శి శేషగిరి గారు నా ఫొటోను వాళ్ల గ్రూపులో పెట్టి, కింద ఒక్క మాట రాశారు: ఎవరి పక్షమూ పట్టని మృత్యుంజయరావు గారే రాశారు, ఇంక మనం ఏం చెప్పగలం?

మరునాడు మృత్యుంజయరావు గారు కొట్టు తెరవకముందే వచ్చి బల్ల మీద కూర్చున్నారు. వీడియోను ఫోన్లో కాదు, కంప్యూటర్లో చూపించమన్నారు. బాజీ తెరను గుమ్మం వైపు తిప్పాడు. నాకూ కనిపించింది.

"ఒక్కో బొమ్మా విడిగా జరుపు" అన్నారు.

బంతి గాల్లో ఉన్న బొమ్మ. గీతకు దగ్గరైన బొమ్మ. అందరూ ఆపి చూసే బొమ్మ. తర్వాతి బొమ్మ.

"వెనక్కి. ఆ, అక్కడ ఆపు. బంతి నీడ ఎక్కడుంది?"

బాజీ ముందుకు వంగాడు. గీత అవతల, బంతికి ఎడంగా నీడ ఉంది. బంతి నేల మీద ఉంటే నీడ దాన్ని అంటుకుని ఉండాలి.

"ఇంకా గాల్లోనే ఉందంటారా?"

"ఉంది. ఇప్పుడు తర్వాతి బొమ్మ. ఇందులో బంతి గీత దాటి పైకి లేస్తోంది. ఫోన్ సెకనుకి ముప్పై బొమ్మలు తీస్తుంది. ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్యలో అంత జోరు బంతి మూరెడు దాటి పోతుంది. మరి నేలకి తగలడం ఎక్కడుంది?"

"అదేగా మేము మూడు రోజుల్నుంచి చూస్తంది!"

"లేదు బాజీ. తగలకముందు ఉంది. తగిలాక ఉంది. తగలడం లేదు."

బాజీ ఆ రెండు బొమ్మలనూ ముందుకూ వెనక్కూ జరిపాడు. ఎన్నిసార్లు జరిపినా మధ్యలో మూడోది రాలేదు.

"అయితే బయటే పడిందంటారా?"

"అనను. దీన్నిబట్టి లోపలా అనలేం, బయటా అనలేం. యంత్రం పొరబడదని రాశాను. అది చూడనే లేదు."

బాజీ తడిగుడ్డ తీసుకొచ్చి ఆయన చేతికిచ్చాడు. "చెరిపెయ్యండి సారూ. ఎవరడగొచ్చారు?"

ఆయన గుడ్డ పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. అంత దగ్గరగా నిలబడ్డ మనిషి ఊపిరి నాకు తెలుస్తుంది. చెయ్యి ఎత్తారు. దించారు. "కౌన్సిలరుకి కుదరనిది నాకు ఎలా కుదురుతుంది?" అన్నారు. "పైగా ఇది చెరిపితే ఏం చెరుగుతుంది? ఫొటోలు పోతాయా? చెరిపిన బోర్డును ఎవరు ఫొటో తీస్తారు?"

"పోనీ కింద ఇంకోటి రాయండి."

"నేను రాయకూడదు. నువ్వు రాయి. ఇప్పుడు చూశావుగా."

బాజీ తల అడ్డంగా ఊపాడు. "సారూ, నీడ చూశా, కాదన్ను. కానీ బంతి లోపలే పడిందని నా మనసు. నమ్మంది నా పేరు పెట్టి ఎట్ట రాయమంటారు? మీరేగా చెప్పింది, పేరు పెట్టాలని!"

ఆయన పేపర్ చదవడానికి వచ్చినవాళ్లను కూడా అడిగారు. వాళ్లు నీడను చూశారు. కొందరు ఒప్పుకున్నారు కూడా. పేరు పెట్టమంటే పని గుర్తొచ్చింది. ఓడిన ఊళ్లో ఆ సంతకం ఎవరికీ వద్దు. ప్రిస్కిల్లా తన నియమం వల్ల నోరు విప్పదు. ఆయన తన నియమం వల్ల సుద్దముక్క ముట్టరు. మధ్యలో ఆ రాత నా మీద ఉంది. నాకేమో చెరుపుకునే చెయ్యి లేదు.

శుక్రవారం పొద్దున ఆయన ట్రాలీ ఆటో పిలిపించారు. నా మేకులు ఊడదీయించారు. నన్ను గోడనుంచి దించడం అదే మొదటిసారి. నా వెనక గోడ మీద సున్నం ఇంకా తెల్లగానే ఉంది. బాజీ దుప్పటి కప్పబోతే ఆయన వద్దన్నారు, అక్షరాలు చెరిగిపోతాయని. నన్ను ట్రాలీలో నిలబెట్టి, నడవలేని మోకాళ్లతో తానూ ఎక్కి, అంచులు పట్టుకుని కూర్చున్నారు. దారిలో జనం పెళ్లి ఊరేగింపును చూసినట్టు చూశారు.

"ఏంది సారూ, బోర్డుని ఆస్పత్రికి తీసకపోతన్నారా?" అని ఒకడు అరిచాడు.

"ఆ, నేనే చేర్చాలి" అన్నారాయన.

సంఘం వాళ్లు స్టేడియం పక్కగదిలో కూర్చున్నారు. నన్ను గోడకు ఆనించారు. వాళ్లు కూర్చోమన్నా ఆయన కూర్చోలేదు. నా మీద ఉన్నదాన్ని పైకి చదివారు. చదివి, "ఇందులో మొదటి వాక్యం నాకు తెలిసి రాసింది కాదు" అన్నారు. వారం తిరగకుండా సుద్దముక్క పట్టుకోకూడదు కాబట్టి, కార్యదర్శి బల్ల మీద రెండు కాగితాలు అడిగి తీసుకున్నారు. ఒకదాని మీద గీత, బంతి, నీడ. రెండోదాని మీద గీత దాటిన బంతి. రెండూ పక్కపక్కన పెట్టి మధ్యలో వేలు పెట్టారు. "మీరు తీర్పు చెప్పేది ఈ ఖాళీ మీద" అన్నారు.

శేషగిరి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంతకీ బంతి లోపలా బయటా అండీ? అది తేల్చండి ముందు."

"నాకు తెలియదు. ఫోన్‌కీ తెలియదు. తెలిసిన మనిషి అక్కడ ఒక్కతే ఉంది. ఆ అమ్మాయి అప్పుడే చెప్పేసింది."

ఆ రెండు కాగితాలూ బల్ల చుట్టూ చేతులు మారాయి. తర్వాత శేషగిరి గారు చెప్పారు. పేర్లు నిన్ననే పంపేశారు, అందులో ప్రిస్కిల్లా పేరు లేదు. అందరిదీ ఒకే మాట అయ్యాక ఆలస్యం ఎందుకని ముందే మెయిల్ పెట్టేశారు. ఇవాళ కూర్చున్నది సంతకాలకే.

మృత్యుంజయరావు గారు అప్పుడు కూర్చున్నారు.

ఆయన ముందే శేషగిరి గారు ఎవరికో ఫోన్ చేశారు. ఇంకో పేరు కలపడం కుదరదు, వచ్చే ఏడు చూద్దామన్నారు అవతలివాళ్లు. ఊరి పోటీలకు కూడా ఆమెను పిలవకూడదన్న మాట ఒకటి నడుస్తోంది, దాన్ని మాత్రం సంఘం పక్కన పెట్టింది. ఆయన తెచ్చుకోగలిగింది అంతే. సాయంత్రానికి నన్ను మళ్లీ పాతచోటే తగిలించారు.

ఆదివారం పొద్దున నన్ను తుడిచారు. మూడు భాగాలు చేశారు. ఆట కింద ఇలా రాశారు: "పోయిన వారం ప్రిస్కిల్లా గురించి నేను రాసింది తప్పు. వీడియోలో బంతి నేలకు తగిలిన క్షణం లేదు. ఆటకు నేను వెళ్లలేదు. తెలియనిది తెలిసినట్టు రాశాను. దానివల్ల ఆమెకు ఒక ఏడాది పోయింది. — మృత్యుంజయరావు."

దాన్ని ఎవరూ ఫొటో తీసుకోలేదు. చదివినవాళ్లు, "అయితే లోపలా బయటా?" అని బాజీని అడిగి వెళ్లిపోయారు.

ఆ తర్వాతి ఆదివారం ఆయన రెండు భాగాలే తుడిచారు. మూడోది ఉంచేశారు. ఆదివారం దాకా చెరపకూడదన్నదే నియమం, ఆదివారం చెరిపి తీరాలని ఎక్కడుందన్నారు. ఆ తర్వాతి వారమూ అంతే. క్రికెట్ సిరీస్ ఒకటి వచ్చి వెళ్లింది. చదరంగంలో ఎవరో కుర్రాడు గెలిచాడు. నా మీద ఆ మాటలేవీ లేవు. ఆటల గురించి రాయడమే ఆయనకు అన్నిటికంటే ఇష్టం. దాన్నే వదులుకుని కూర్చున్నారు. జనం విసుక్కున్నారు. "సారు బోర్డు మీద ఆ పిల్లకి ఇల్లు కట్టిచ్చాడు" అన్నారు.

ఒక బుధవారం సాయంత్రం ప్రిస్కిల్లా ఆగింది.

"సార్, ఇది ఎప్పుడు చెరుపుతారు?"

"నీ పేరు ఆ జాబితాలోకి ఎక్కిందాకా ఉంచుదామనుకున్నానమ్మా."

"పొద్దున బడికెళ్తా చూస్తన్నా, సాయంత్రం ఇంటికెళ్తా చూస్తన్నా. మా పిల్లలు బస్సులోంచి పైకి చదువుతున్నారు. అప్పుడూ నా పేరే, ఇప్పుడూ నా పేరే. నేను గీత దగ్గర నిలబడితే జనం బంతి వంక చూడాల సార్. నా వంక చూస్తే ఎట్టా?"

ఆయన ఆ రాత ఆమె కోసం ఉంచుతున్నాననే అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

"మరి ఏం చెయ్యమంటావమ్మా?"

"చెరిపెయ్యండి. ఆదివారం సాయంత్రం స్టేడియంలో మ్యాచుంది. రండి. మోకాళ్ల నొప్పంటే కుర్చీ వేయిస్తా."

ఆయన కొట్టులోకి వెళ్లి గుడ్డ తడుపుకుని వచ్చారు.

"సారూ, ఇయ్యాల బుధవారం" అన్నాడు బాజీ.

"తెలుసు" అన్నారు. పైనుంచి కిందికి తుడిచారు. తన పేరు చివర తుడిచారు. ప్రిస్కిల్లా అది చూడటానికి ఆగలేదు. సైకిలు అప్పటికే మలుపు తిరిగింది.

ఆదివారం పొద్దున యంత్రం కింద రాశారు, లోకం కింద రాశారు. ఆట కింద ఏమీ రాయలేదు. ఖాళీగా ఉందేమని అడిగినవాళ్లకు, ఇంకా ఆట కాలేదుగా అన్నారు. నా మీద మూడోవంతు నలుపు అలా ఉండగానే మధ్యాహ్నం ఆటో ఎక్కి వెళ్లారు.

ఖాళీగా ఉండటం నాకు కొత్త కాదు. కానీ అంతకుముందు నన్ను కావాలని ఖాళీగా ఉంచి ఎవరూ ఆగలేదు. తేల్చి చెప్పడానికి ముందు వెళ్లి చూసిరావాలని నాకు ఎక్స్ఛేంజి రోజుల్లోనే తెలుసు. నెంబరు చెడిందని ఎవరో చెబితే రాసేవారు, బాగైందని స్తంభం ఎక్కినవాడు చెబితేనే కొట్టేసేవారు. అభిప్రాయాలు మొదలయ్యాక ఆ అలవాటు ఎక్కడ జారిపోయిందో నేను గమనించలేదు. జిల్లాలు దాటి వెళ్లిన ఆ ఫొటో ఇప్పటికీ ఏదో ఫోన్లో ఉండే ఉంటుంది. నా మీద తడిగుడ్డ పనిచేస్తుంది. దాని మీద పనిచేయదు. ఆమె పేరు వచ్చే ఏడు పంపుతామని శేషగిరి గారు అన్నారు. వచ్చే ఏడు ఇంకా రాలేదు.

దీపాలు పెట్టే వేళకు ఆయన తిరిగొచ్చారు. బాజీ వీధిదీపం వెలుతురు చాలదని తన ఫోన్ లైటు పట్టుకున్నాడు. ఎవరు గెలిచారని అడిగాడు. ఆయన వినిపించుకోలేదు. సుద్దముక్క తీసుకుని, నొక్కకుండా, నెమ్మదిగా రాశారు.

"ఇవాళ గీత మీద మూడు బంతులు పడ్డాయి. నేను కోర్టు పక్కనే కూర్చున్నాను. మూడింటిలో ఒక్కటి కూడా లోపలో బయటో నాకు తెలియలేదు. ప్రతిసారీ జెండా వంక చూసి తెలుసుకున్నాను. — మృత్యుంజయరావు."